కాదన్నదానికి ఇంగ్లీషు పేరు

అది కరువు ఏడు. బడి అయ్యవారి ఇంటికి నీళ్లు మోయనని నా మనవరాలు ఆయన ముఖం మీదే చెప్పింది. ఆయన "డిసొబీడియెంట్" అని తిట్టాడు. నేను దాన్ని బడి మాన్పించి, పనిలో పెడదామని వెంటబెట్టుకుని అనంతపురం బస్సెక్కాను.

సంగతి విని పక్క సీటులోని కాలేజీ అమ్మాయి నవ్వింది.

"అవ్వా, చెప్పిన పని చెయ్యకుండా జారుకుంటే డిసొబీడియెంట్. బడి మీద రాళ్లేస్తే రెబెల్. భయపడకుండా ఎదురుగా నిలబడి కాదంటే డిఫయంట్. నీ మనవరాలు యాడన్నా దాక్కునిందా?"

"లేదు పాపా, ఆయనెదురుగానే నిలబడినాది. కాదనేదానికి ఇంగ్లీషులో ఇన్ని పేర్లా!"

టికెట్టు అనంతపురం దాకా ఉన్నా పామిడిలోనే దిగిపోయాం. నా జన్మలో నేను వృథా చేసిన టికెట్టు అదొక్కటే.

మర్నాడు మనవరాలిని బడిలో కూర్చోబెట్టి, అయ్యవారితో చెప్పాను. "పాప సదువుకుంటాది. నీళ్లు మోయదు."

ఆయన ఈసారి ఇంగ్లీషు జోలికి పోకుండా, హాజరు పట్టీ తీసి పాప పేరు పిలిచాడు.