ఆయన చివరి మ్యాచ్ నేను చూశాను

వాన పడిన రోజు అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో తడిసిన బూట్లు నున్నటి బండల మీద కీచుకీచుమంటాయి. పక్కన నడిచేవాళ్లకు అది విసుగు. నాకు మాత్రం ఆ చప్పుడు చెవిన పడితే అడుగు దానంతటదే నెమ్మదిస్తుంది. చెక్క నేల మీద పదిమంది పొడుగు మనుషులు అటూ ఇటూ ఉరికే చప్పుడును హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఏళ్ల తరబడి విన్నదాన్ని మరి. ఆ పదిమందిలో ఒకాయన గురించే ఇది. పేరు డారెల్. అమెరికా మనిషి. యూరప్‌లో చిన్నాచితకా ఊళ్ల జట్లకు బాస్కెట్‌బాల్ ఆడి బతికినవాడు. మీరు ఆయన పేరు విని ఉండరు. నేనైనా ఆయన్ను ఎదురుగా ఎన్నడూ చూడలేదు. అయినా ఈ ఊళ్లో ఒంటరిగా బతకడం నాకు నేర్పింది ఆయనే.

మా ఆఫీసు పంజాగుట్టలో, ఒక నగల దుకాణం పై అంతస్తులో ఉండేది. యూరప్‌లో రాత్రి జరిగిన మ్యాచ్‌ల వీడియోలు పొద్దున్నే మాకు వచ్చేవి. బంతి ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయింది, ఎవరు ఎక్కడినుంచి వేశారు, పడిందా తప్పిందా అని ఒక్కొక్కటీ గుర్తుపెట్టి ముక్కలుగా కోయడం మా పని. సిరిసిల్లలో మా ఇంట్లో ఎవరైనా అడిగితే కంప్యూటర్ పని అని చెప్పి ఊరుకునేదాన్ని. ఎవరో ఎక్కడో ఆడే ఆట చూడ్డానికి జీతమిస్తారంటే మా అన్న నమ్మేరకం కాదు. ఎండాకాలంలో అక్కడ లీగులు ఆగిపోతాయి. అప్పుడు ఆటగాళ్లకు ఇంకో పని ఉంటుంది. తమ మంచి ఆటంతా నాలుగైదు నిమిషాల వీడియోగా చేయించి వచ్చే ఏడాదికి జట్టు వెతుక్కోవాలి. డారెల్ వీడియో అలాగే నా బల్ల మీదికి వచ్చింది.

నేను కోసి పంపిన మర్నాడే డారెల్ ఫోన్ చేశాడు. మా టీమ్ లీడర్ కిరణ్‌ది కాకినాడ. నా దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "ఏంటి సుజాత గారూ, ఏం చేశారు? వీడియో కోసిన మనిషితోనే మాట్లాడతానంటున్నాడు" అని ఫోన్ నా చేతిలో పెట్టి పక్కకు జరిగాడు. మైత్రీవనం కోచింగ్‌లో నేర్చుకున్న ఇంగ్లిష్ అంతా ఆ క్షణాన ఎటు పోయిందో తెలియదు. అవతల మాత్రం నెమ్మదైన గొంతు. ఆయన మాట్లాడింది ఇంగ్లిషే, నేను నా తెలుగులో రాస్తున్నాను.

"బంతి బుట్టలో పడగానే కోసేశారు. ఎందుకు?"

"అందరివీ అలాగే చేస్తాం సార్. పడ్డాక చూడ్డానికి ఏముంటుంది?"

"పడ్డాకే ఉంటుంది. వెనక్కి ఉరికానా, చేతులు ఊపుకుంటూ నిలబడ్డానా? కోచ్ చూసేది అది. ఇంకో ఐదు సెకన్లు ఉంచండి. తప్పిన బంతులు కూడా కొన్ని పెట్టండి. అన్నీ పడినట్టు చూపిస్తే ఎవరు నమ్ముతారు?"

ఆ వీడియో మళ్లీ చేశాను. హంగరీలో ఒక చిన్న ఊరి జట్టు ఆయన్ను తీసుకుంది. నాకేదో పెద్ద పరీక్ష పాసైనంత సంబరమైంది. అప్పటినుంచి ఆయన వారం వారం తన మ్యాచ్‌ను నాతోనే కోయించుకునేవాడు. సోమవారం మా మధ్యాహ్నం ఫోన్ చేసేవాడు. మొదట పని మాటలు, తర్వాత తర్వాత పనికిరాని మాటలు. పోర్చుగల్‌తో మొదలుపెట్టాడట. అక్కడినుంచి బెల్జియం, పోలెండ్, లిథువేనియా. ఒక్క ఏడాది కాంట్రాక్టు, అది అయిపోతే ఇంకో దేశం. జట్టులో విదేశీయులు ఇంతమందే ఉండాలని అక్కడ నియమం. అందుకని జట్టు ఓడిపోతుంటే ముందు పెట్టె సర్దుకోవలసింది విదేశీయుడే. ఏ ఊరికి వెళ్లినా క్లబ్బువాళ్లు ఇచ్చే ఇంట్లో అవే తెల్ల బీరువాలు, అదే కెటిల్, అదే గట్టి దిండు. "పొద్దున లేచాక ఏ దేశంలో ఉన్నానో గుర్తు రావడానికి కాస్త టైం పడుతుంది" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే నాదీ అలాంటి బతుకే. మూడు నెలల కోర్సని అమీర్‌పేట వచ్చి ఆడపిల్లల హాస్టల్‌లో దిగినదాన్ని అక్కడే ఉండిపోయాను. నా గదికి వచ్చే పిల్లలంతా మూడు నెలలకో నాలుగు నెలలకో వెళ్లిపోయేవాళ్లే. జావా పిల్ల పోతే టెస్టింగ్ పిల్ల, టెస్టింగ్ పిల్ల పోతే బ్యాంకు పరీక్షల పిల్ల. మొదట్లో ఒక్కొక్కరు వెళ్తుంటే ఏడ్చేదాన్ని. తర్వాత కొత్తగా వచ్చినవాళ్ల పేరు అడగడం కూడా మానేశాను. ఎలాగూ పోయేవాళ్లతో చుట్టరికమెందుకని మొండికేశాను.

ఆ సంగతి ఒక సోమవారం ఆయనతో అనేశాను. ఆయన జాలిపడలేదు. "మీరు ఉంటున్నచోట రోజూ వెళ్లే దుకాణం ఏదైనా ఉందా?" అని అడిగాడు.

"బోలెడు దుకాణాలున్నాయి."

"బోలెడు వద్దు, ఒక్కటి పట్టుకోండి. కొత్త ఊళ్లో నేను చేసే మొదటి పని అదే. రొట్టెల దుకాణమో కాఫీ కొట్టో, రోజూ అక్కడికే, ఒకే వేళకి. భాష రాకపోయినా ఫరవాలేదు. ఒకరోజు మీరు వెళ్లకపోతే ఆ మర్నాడు 'నిన్న రాలేదేం?' అని అడిగే మనిషి తయారవాలి. ఆ ఒక్క మనిషి ఉంటే ఏ ఊళ్లోనైనా బతకొచ్చు."

చాదస్తం అనుకున్నాను. అయినా మా గల్లీ చివర యాదగిరన్న ఇడ్లీ బండి దగ్గరికి రోజూ పోవడం మొదలుపెట్టాను. యాదగిరన్న బోరబండ నుంచి తెల్లవారకముందే వచ్చేవాడు. ఆయనకు గిరాకీ తప్ప లోకం పట్టదు. చట్నీ ఎక్కువ వేయమంటే కళ్లెర్రజేసేవాడు. నెలలు గడిచాయి. ఒకసారి జ్వరమొచ్చి రెండు రోజులు కదల్లేదు. మూడోరోజు వెళ్తే ప్లేటు అందిస్తూ, "ఏమైందక్కా, నిన్న మొన్న కనవడలే? పాణం మంచిగ లేదా?" అన్నాడు. "జర వేడివేడిగ తిను, పల్లి చట్నీ వద్దుతియ్" అని అల్లం చట్నీ అడక్కుండానే వేశాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. చట్నీ ఘాటని సర్ది చెప్పుకున్నాను.

డారెల్ ఉంచమన్న ఐదు సెకన్లను నేను ఇంకా సాగదీసి చూసేదాన్ని. అలా ఒక సంగతి నా కంట పడింది. జట్టు సొంత ఊళ్లో మ్యాచ్ గెలిస్తే ఆటగాళ్ల భార్యలు, పిల్లలు గ్యాలరీలోంచి కిందికి దిగి వచ్చేవాళ్లు. చిన్నపిల్లలు ఉరికి వచ్చి తండ్రుల కాళ్లకు చుట్టుకునేవాళ్లు. సరిగ్గా అప్పుడు డారెల్ ఒక పక్కన వంగి బూటు లేసు కట్టుకునేవాడు. గెలిచిన ప్రతిసారీ అంతే. ఉండబట్టలేక అడిగేశాను.

"మీ లేసు ఊడలేదు కదా. ఎందుకు కట్టుకుంటారు?"



"నన్ను ఇప్పటిదాకా ఎవరూ అంతసేపు చూడలేదు" అన్నాడు.

అప్పుడు నేనూ చెప్పాను. ఆదివారం హాస్టల్‌కు పిల్లల అమ్మానాన్నలు డబ్బాల్లో కూరలు తెస్తారని, ఆ వేళకు నేను ఉతికిన బట్టలనే మళ్లీ ఉతుకుతానని. ఇద్దరం నవ్వుకున్నాం. మా హాస్టల్ ఆంటీది మెదక్ వైపు. ఎప్పుడైనా సెలవు రోజు ఫోన్ వస్తే వరండాలోంచి కేకేసేది. "ఏందే సుజాతా, గా అమెరికాయన ఇయ్యాల సుత చేసిండా? గంటసేపు ఏం ముచ్చట్లే? ఆయనకు పెండ్లాం పిల్లలు లేరా?" లేరు ఆంటీ, అనేదాన్ని. "అట్లనా, పాపం" అని గొంతు తగ్గించి లోపలికి పోయేది.

మూడో ఎండాకాలానికి డారెల్ నలభైకి దగ్గరపడ్డాడు. వీడియో మొదలుపెట్టేముందు ఒక మాట అన్నాడు. "నాకు ఇంకొక్క ఏడాది కావాలి. డబ్బుకు కాదు, పేరుకూ కాదు. మా ఆటలో ఎవరికీ ఇది నీ చివరి మ్యాచ్ అని చెప్పరు. ఫోన్ మోగడం ఆగిపోతుంది, అంతే. నేను ఒక్క మ్యాచ్ ఇదే చివరిదని తెలిసి ఆడాలి. లైట్లు ఎలా ఉన్నాయో, బంతి చేతికి ఎలా తగులుతోందో చూసుకుంటూ ఆడాలి." అంతగా ఆయన ఎప్పుడూ ఏదీ అడిగినవాడు కాదు.

నేను చేసిన వీడియోలన్నిటిలోకీ ప్రాణం పెట్టి చేసింది అదే. జూన్ పోయింది. జూలైలో రెండో శ్రేణి జట్టు ఒకటి మాట్లాడి, తర్వాత ఒక కుర్రాణ్ణి తీసుకుంది. ఆగస్టులో జట్లన్నీ సాధనకు దిగాయి. డారెల్ అమెరికాలో అక్క ఇంట్లో ఉంటూ, పొద్దున్నే ఒక బడి మైదానంలో ఒక్కడే ఉరికేవాడట. సోమవారం వస్తే నేనే భయపడేదాన్ని, ఏం చెప్తాడో అని. సెప్టెంబరులో ఆయనే అన్నాడు.

"ఇక పిలుపు రాదు సుజాతా. అంటే నా చివరి మ్యాచ్ అయిపోయింది. ఏది అది? నాకు గుర్తు లేదు. మీకు తెలుస్తుంది కదా."

వీడియో తీశాను. ఏప్రిల్‌లో, పరాయి ఊళ్లో, చిత్తుగా ఓడిపోయిన మ్యాచ్. గ్యాలరీ సగం ఖాళీ. అంతకు ముందు వారం సొంత ఊళ్లో గెలిచింది ఒకటుంది. చివరి బుట్ట ఆయనదే, జనమంతా లేచి నిలబడ్డారు. అదే చివరిదని చెప్పేద్దామా అని నోటిదాకా వచ్చింది. చెబితే నమ్మేవాడు. కానీ తప్పిన బంతులు కూడా పెట్టమన్న మనిషితో నేను అలా అబద్ధమాడలేకపోయాను.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన అడుగుతున్నాడు, నేను తెర మీద చూసి చెబుతున్నాను.

"చివరగా బంతి తాకింది ఎప్పుడు?"

"ఎడమ మూలన నిలబడ్డ కుర్రాడికి పాస్ ఇచ్చారు. అతను వేశాడు, పడలేదు."

"పాస్ బాగుందా?"

"సరిగ్గా చేతుల్లోకి పోయింది."

"తర్వాత?"

"మిమ్మల్ని బయటికి పిలిచారు. మీ బదులు లోపలికి వెళ్లే కుర్రాడి చెవిలో ఏదో చెప్పారు. వచ్చి బెంచీ చివర కూర్చున్నారు. నీళ్లు తాగారు. సీసా మూత కింద పడితే వంగి తీశారు."

అక్కడితో వీడియో అయిపోయింది. ఆయన, "సరే. మంచి పాసే కదా. ఒకరు చూశారు. చాలు" అన్నాడు. చాలదని ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత కూడా కొన్ని వారాలు ఫోన్ చేశాడు. పిల్లలకు ఆట నేర్పే పని దొరికిందన్నాడు, బడి వ్యాను కూడా తనే నడుపుతున్నానన్నాడు. ఒక సోమవారం ఫోన్ రాలేదు. ఆ పై సోమవారమూ రాలేదు. నేను చేస్తే ఆ నంబర్ వాడకంలో లేదని వచ్చింది. ఆఫీసులో ఉన్న చిరునామాకు మెయిల్ పెట్టాను, జవాబు లేదు. ఆయనకు చెడు జరిగిందని అనుకోను. కొత్త ఊరు, కొత్త ఫోన్ అయి ఉంటుంది. ఆయన అలవాటే అది.

ఇప్పుడు నా గదికి కొత్త పిల్ల వస్తే ముందు పేరు అడుగుతున్నాను. ఫోన్ ఎవరిదైనా సరే, నా అంతట నేను ముందు పెట్టేయడం లేదు. అవతలివాళ్లు ఇక ఉంటాననేదాకా పట్టుకునే కూర్చుంటాను. ఆంటీ తిడుతుంది, తిట్టనీ.

డారెల్‌తో ఆఖరిసారి మాట్లాడినప్పుడు ఏం తిన్నారని అడిగాడు. దోసకాయ పప్పు అన్నాను. దోసకాయను పప్పులో వేస్తారా అని ఆశ్చర్యపోయాడు. ఎలా చేస్తారో చెబుతుండగా కిరణ్ పిలిచాడు. మిగతాది వచ్చే సోమవారం చెబుతానని ఫోన్ పెట్టేశాను.