నీ పని నువ్వు చూస్కో

ఇంట్లో ఎవరైనా ఇస్త్రీపెట్టెను గుడ్డ మీద కాస్త ఎక్కువసేపు ఉంచితే నేను చేతిలో పని వదిలేస్తాను. వాసన ఎక్కణ్ణించి వస్తోందో కళ్ళతో చూసినా నమ్మను. లేచి ఇల్లంతా తిరుగుతాను. పరుపులకు చేతి వెనకవైపు ఆనించి చూస్తాను. పిల్లలకు జ్వరం చూసినట్లు పరుపులకు చూస్తానని మావాళ్ళు ఎగతాళి చేస్తారు. చేసుకోనీ. అలా చెయ్యి పెట్టి చూడడం నాకు నేర్పినామె ఎవరో, ఆమెతో నేనెట్లా ప్రవర్తించానో వాళ్ళకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు.

మాది ఎమ్మిగనూరు. నాయన మగ్గం నేస్తాడు. నేను ఆదోనిలో ఒక పత్తి మిల్లులో సూపర్వైజరుని. పొద్దున్నే బస్సెక్కి పోతాను, సాయంత్రానికి వస్తాను. నా కింద అరవై మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. మద్దికెర, చిప్పగిరి, ఆస్పరి వైపు నుంచి లారీల్లో వచ్చిన పత్తిని హాలులో కుప్పలు పోస్తే, వీళ్ళు ముందు కూచుని అందులో కలిసిన ప్లాస్టిక్ దారాలు, గుట్కా పొట్లాలు, రాళ్ళు, ఇనప ముక్కలు ఏరి పారేస్తారు. ఏరిన పత్తి యంత్రంలోకి పోతే గింజ ఒకవైపు, దూది ఒకవైపు వస్తుంది. ఆ దూదిని ప్రెస్సులో నొక్కి, చుట్టూ ఇనప పట్టీలు బిగించి బేళ్ళు కడతారు. ఒక్కో బేలు నా ఛాతీ దాకా వస్తుంది. అవన్నీ గోడౌనులో వరసలుగా పేరుస్తారు. గోడౌనుకు ఒకటే తలుపు.

పత్తిమిల్లులో ఎంత పొగరుబోతు అయినా నిప్పుకు భయపడతాడు. ఏరేటప్పుడు ఒక్క రాయి కళ్ళుగప్పి యంత్రంలో పడితే చాలు, ఇనుముకు తగిలి రవ్వ లేస్తుంది. ఆ రవ్వ దూదితో కలిసి బేలులోకి పోతే మంట రాదు, పొగ కూడా కనపడదు. గాలి ఆడక లోలోపలే ఒకరోజు, రెండు రోజులు కాలుతూ కూచుంటుంది. పైన చూస్తే తెల్లగా, శుభ్రంగా ఉంటుంది. ఈ సంగతి నాకు మేనేజరు చెప్పలేదు. చేరిన వారంలోనే పెద్దక్క చెప్పింది.

పెద్దక్కది కైరుప్పల పక్కన ఒక పల్లె. యాభై దాటి ఉంటాయి. పనిలో అందరికన్నా పాతది కాబట్టి అందరికీ పెద్దక్కే. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను పాపా అనేది. చేతులు పత్తి ఏరుతూ, నోరు కోడలి సంగతి చెబుతూ ఉన్నా, ఆమె చెవులు మాత్రం యంత్రం మీదే ఉండేవి. లోపల ఏ కాస్త తేడా చప్పుడైనా "ఆపప్పా!" అని హాలు అదిరేట్లు అరిచేది. యంత్రం దగ్గరి మనిషి ఠక్కున ఆపేసేవాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆడవాళ్ళందరూ చల్లగా ఉంటుందని గోడౌనులో బేళ్ళ మధ్య నడుం వాల్చేవాళ్ళు. అప్పుడు కూడా ఈమె వరసల మధ్య నడుస్తూ, ఒక్కో బేలుకు చేతి వెనకవైపు ఆనించి చూస్తూ పోయేది.

"అరచేతికి కాయలు కాసినాయి పాపా, దానికేం తెలుస్తాది. ఎనకపక్క తోలు పల్సన" అని నా చెయ్యి పట్టుకుని బేలుకు ఆనించింది ఒకసారి.

నా నోరు మంచిది కాదు. దీని నోటికి జడిసి మా ఇంటి మీద కాకి కూడా వాలదని మా నాయన చుట్టాల ముందే అంటాడు. ఒకరోజు మిల్లు యజమాని, దూది కొనేవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. నేను గంజిపెట్టిన చీర కట్టుకుని ముందు నడుస్తూ అన్నీ చూపిస్తున్నాను. సరిగ్గా అప్పుడే "ఆపప్పా!" అని కేక. యంత్రం ఆగింది. మూత తీసి వెతికారు, కెలికారు. రాయీ లేదు, రప్పా లేదు. యజమాని నన్నేమీ అనలేదు, ఊరికే ఒక చూపు చూసి ముందుకు పోయాడు. నాకు తల కొట్టేసినట్లయింది.

వాళ్ళ కారు గేటు దాటగానే హాలు మధ్యలో నిలబడ్డాను. "నీ పని నువ్వు చూస్కో! పత్తి ఏరేదానివి, యంత్రం సంగతి నీకెందుకు? నువ్వేమన్నా ఇంజినీరువా?" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్దామెను అరవై మంది ముందు నిలబెట్టి కడిగేశాను. ఆమె చేతిలోని పత్తి కింద పెట్టి, చీరకొంగుకు చెయ్యి తుడుచుకుంది.

"సరే మేడం" అంది.

ఆమె నన్ను మేడం అనడం అదే మొదటిసారి. సిగ్గులేకుండా చెబుతున్నాను, అప్పుడు నాకా మాట బాగానే ఉండింది.

అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను. పెయింటరును పిలిపించి హాలు గోడ మీద నీలం రంగుతో 'ఎవరి పని వారు చూసుకోవలెను' అని రాయించాను. ఇప్పుడు రెండుసార్లు సున్నం కొట్టించినా ఆ అక్షరాలు లోపల్నించి కనబడుతూనే ఉన్నాయి. ఆ రాతతో హాలులో మాటలు తగ్గాయి. తర్వాత నవ్వులు కూడా పోయాయి. "ఇప్పుడు మిల్లు మిల్లులాగుంది" అని యజమాని మెచ్చుకున్నాడు. ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను. నాయన మగ్గం ఆపాడు.

"మీయమ్మ పక్కన కండెలు సుట్టుకుంటా, పోగు తెగింది సూడు అంటాది. అది సెప్పకుంటే నాకెట్ల తెలుస్తాది?" అన్నాడు.

మిల్లు, మగ్గం ఒకటేనా అని నేను కొట్టిపారేశాను.

ఆ రోజుల్లోనే కర్నూలు నుంచి ఒకాయన్ను పిలిపించారు. పనివాళ్ళు ఈ మిల్లు తమదే అనుకోవాలని, అప్పుడే పని బాగా సాగుతుందని గంటసేపు చెప్పాడు. మంచి మాటలే. చివర్లో "మీ సలహాలు, ఇబ్బందులు ఏమైనా ఉంటే ధైర్యంగా చెప్పండమ్మా" అన్నాడు. నేను ముందు వరసలో చేతులు కట్టుకుని, తల వెనక్కి తిప్పి అందరినీ చూస్తూ కూచున్నాను. "అంతా బాగుండాది సార్" అన్నారు ముక్తకంఠంతో. ఆయన అదే రాసుకుని, లడ్డూ, మిక్చరు తిని కర్నూలు బస్సెక్కాడు.

నాకు భయం మొదలైంది ఇసుక బకెట్ల దగ్గర. నిప్పు కోసమని గోడకు తగిలించిన బకెట్లను ఒకరోజు ఎందుకో దించి చూస్తే ఒక్కదాంట్లోనూ ఇసుక లేదు. విస్తరాకులు, టీ గ్లాసులు ఉన్నాయి. ఆ పక్కనే స్విచ్చుబోర్డు కాలి నల్లబడి ఉంది. ఎన్నాళ్ళయిందని అడిగితే నెల దాటిందన్నారు.

"మరి చెప్పలేదేం?"

ఒకామె మెల్లగా "అది మా పని కాదు కదా మేడం" అంది.

వెటకారంగా అని ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ఆమె వినయంగానే అంది. ఈ హాలులో అరవై మంది చూస్తున్నారు, వింటున్నారు, ఒక్క ముక్క కూడా నాదాకా రావడం లేదు. వీళ్ళకు తెలిసి నాకు తెలియనిది ఇంకేముందో అనిపించింది. అప్పట్నించి ఎవరు "సరే మేడం" అన్నా ఆగి వాళ్ళ ముఖం చూసేదాన్ని. ఆ రోజే పోయి పెద్దక్కతో, తప్పయిందక్కా అని ఒక్క మాట అంటే సరిపోయేది. నోరు రాలేదు. తిట్టడానికైతే ఎంత తొందరగా లేస్తుందో.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం అన్నాల వేళ. రోజూ ఆ వేళకు నేను గోడౌను చివరిదాకా పోయి, కొత్తగా వచ్చిన బేళ్ళ మీది గుర్తులు సరిచూస్తాను. ఆ రోజూ పోయాను. పడుకున్నవాళ్ళ కాళ్ళు తొక్కకుండా దాటుకుంటూ, కాగితాలు చూసుకుంటూ లోపలికి నడిచాను. చివరి వరసల్లోకి పోగానే వాసన తగిలింది. పంచె మీద ఇస్త్రీపెట్టె మర్చిపోతే వచ్చే వాసన.

ఎంత భయపడ్డానో చెప్పలేను. కాగితాలు చేతిలోంచి జారిపోయాయి. పెద్దక్క నేర్పినట్లే చేతి వెనకవైపు బేళ్ళకు ఆనించాను. ఒకటి, రెండు, పది. చెయ్యి చెమటకు చల్లబడిపోయింది. ఆ చేతికి ప్రతి బేలూ వేడిగానే తోచింది. ఏ బేలులో ఉందో తెలీదు, ఎంతసేపు ఆగుతుందో తెలీదు. నిప్పు అని అరిస్తే అందరూ ఒక్కసారిగా ఆ ఒక్క తలుపు మీద పడి తొక్కుకుంటారు. అరవకుంటే నిద్రలోనే ఉంటారు. వెనక్కి తిరిగి పరిగెత్తాను.

అప్పుడు కనబడింది. ఎప్పుడూ చివరిదాకా పరుచుకుని పడుకునేవాళ్ళు ఆ రోజు అందరూ తలుపు దగ్గరే, ఒకరి పక్కన ఒకరు ఇరుక్కుని పడుకుని ఉన్నారు. వస్తూ వాళ్ళ కాళ్ళే దాటుకుని వచ్చాను. నాకది తట్టనే లేదు.

పెద్దక్క పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాను. ఆమె నిద్రపోవడం లేదు.

"అక్కా, లోపల కాలిన వాసన" అన్నాను.

"పొద్దన్నుంచీ వస్తాండాది" అంది. "నిన్న యంత్రంలో రాయి పడె. రవ్వ లేసింది సూసినాము. ఆరిపోయింటాదిలే అనుకుంటిమి. ఈపొద్దు వాసన పట్టి, లోపల పండుకోవద్దని వీళ్ళకు నేనే సెప్పినా."

"మరి నాకు?"

"మా పని మేము సూసుకుంటిమి మేడం."

కోపంగా అనలేదు. నేను రాయించిన గోడ మీది రాతనే నాకు అప్పజెప్పింది. ఇంకోరోజైతే ఎగిరి ఉందును. ఆ రోజు ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. "నాకు తెలీడం లేదక్కా. చెయ్యి పెట్టి చూశాను, ఏ బేలో తెలీడం లేదు. నువ్వు రావాల" అని ఏడ్చాను.

ఆమె లేచి కూచుంది. పక్కనున్నామెను తట్టి "అందర్నీ లేపి నెమ్మదిగా బయటికి తోలు, గడబిడ సెయ్యాకు" అని, చీర బిగించుకుని లోపలికి నడిచింది. నేను వెనకాలే పోయాను. ఆమె తొందరపడలేదు. ఒక్కో బేలుకు చెయ్యి ఆనించి, ముక్కు పెట్టి, దాటిపోయింది. గోడ నుంచి మూడో వరసలో ఒకదాని దగ్గర ఆగి, రెండోసారి చెయ్యి పెట్టింది.

"ఇదే."

హమాలీలు కొక్కేలు వేసి దాన్ని బయటికి లాగి, దొర్లించుకుంటూ మైదానం మధ్యలోకి తెచ్చారు. దూరం నుంచే ఇనప పట్టీ తెంపారు. బేలు విచ్చుకుంది. లోపల నల్లగా, ఎర్రగా ఉంది. గాలి తగిలేసరికి భగ్గున మనిషెత్తు మంట లేచింది. అరవై మంది ఆడవాళ్ళు గోడవారగా నిలబడి చూస్తున్నారు. అందరినీ రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. ఎవరికీ ఏమీ కాలేదు. అప్పుడు నేల మీద కూచుండిపోయాను.

పెద్దక్క చెంబుతో నీళ్ళు తెచ్చింది. "తాగు పాపా" అంది.

తాగాను. ఇంకేదీ అడగకుండా ఉంటే బాగుండేది. కానీ మనసులో ఆ ఒక్కటే తిరుగుతోంది. వీళ్ళంతా తలుపు దగ్గర పడుకున్నారు. లోపలి చివరికి రోజూ పోయేది నేనొక్కదాన్నే. అది వీళ్ళందరికీ తెలుసు.

"నేను లోపలికి పోతానని తెలుసు కదక్కా. నాకొక్క మాట చెప్పాలనిపించలేదా?" అన్నాను.

ఆమె మంటవైపే చూస్తూ చెప్పింది. "సెప్దామనే పొద్దున గేటు కాడికొస్తిని పాపా. నువ్వు ఎవర్నో నిలబెట్టి అరుస్తాంటివి. తిరిగి పోతిని."

ఆ పొద్దున నేను అరిచింది ఎవరి మీదో, దేనికో, ఇప్పటికీ ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రాదు.