జెనోవా సందులో తగువు, కిచెనర్ బేస్‌మెంట్‌లో తీర్పు

యావత్ నౌకాయాన ప్రపంచానికి ముందుగా నా సాష్టాంగ క్షమాపణలు. ఈ రోజు నా వల్ల మధ్యధరా తీరంలో ఒక ఓడ కొద్దిలో ఇద్దరు ప్రయాణికులను వదిలేసి వెళ్ళిపోయేది.

కెనడాలోని కిచెనర్‌లో నేను అద్దెకుంటున్న బేస్‌మెంట్ ఓనర్లు మూర్తి అంకుల్, సుధ ఆంటీ ఈ సమ్మర్‌లో క్రూజ్‌కు వెళ్ళారు. పొద్దున నేను ఉప్మా తింటుంటే ఇటలీలోని జెనోవా నుంచి వీడియో కాల్ చేశారు. ఊరు చూద్దామని దిగి, సందుల్లో దారి తప్పారట. ఓడ బయల్దేరడానికి ఇంకో అరగంటే ఉందట.

"కుడివైపు వెళ్తే రేవు వస్తుంది. నువ్వు కంప్యూటర్స్ చదువుతున్నావుగా, మీ ఆంటీకి చెప్పు బాబూ!" అన్నారు అంకుల్.

"ఈయన మాట విని ఇందాకటి నుంచి ఈ చర్చి చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాం. ఎడమవైపే కదా నాన్నా?" అన్నారు ఆంటీ.

ఫోన్ తిప్పి చూపిస్తే నాకు కనిపించింది ఒక గోడ, దాని మీద ఆరేసిన బట్టలు. కుడి అంటే ఆదివారాలు పైనుంచి వచ్చే పప్పుచారు ఆగిపోతుంది. ఎడమ అంటే సెప్టెంబర్‌లో గది ఖాళీ చేయాలి. అసలే ఊరి నిండా స్టూడెంట్లు, గదులు దొరకని రోజులు. మీరైతే ఏం చెప్పేవారు?

చివరకు "మనింటి వైఫై ఎప్పుడూ ఇంతే!" అని ఇద్దరూ ఏకకంఠంతో విసుక్కుని, దారిన పోయే ముసలావిడను అడిగారు. ఆవిడ కుడీ కాదు, ఎడమా కాదు, వెనక్కి చూపించింది. ఓడెక్కాక ఫోటో పంపారు.

వైఫై బ్రహ్మాండంగా ఉంది. నేను చేసిందల్లా నోరు సగం తెరిచి, చెంచా గాల్లో ఆపి, రెప్ప వేయకుండా కూర్చోవడమే.