కనకయ్య బావ కట్టే ఎర్ర గుడ్డ

నిన్న మధ్యాహ్నం ఫోన్ మోగింది. స్క్రీన్ మీద బావ పేరు.

"ఏంది బావా" అన్నాను.

అటువైపు వేరే గొంతు. "ఈ ఫోన్ కనకయ్యదా? మీరేమైతరు? జర దవాఖానకు రాన్రి."

నేను వెళ్లేసరికి బావ లేడు.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. పొద్దున్నుంచి ఆ నంబర్ తీసి చూస్తున్నాను, పెట్టేస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. కనకయ్య మా అక్క భర్త. సిద్దిపేటలో రికవరీ వ్యాన్ నడిపేవాడు. రోడ్డు మీద ఏ బండి ఆగిపోయినా చెయిన్ కట్టి లాక్కొచ్చే పని. పక్క షట్టర్‌లోనే నా స్పేర్ పార్ట్స్ షాపు. బావ అనే మాటే గానీ, నాకు దోస్తు.

ఆయనకు ఒక పిచ్చి ఉండేది. చెయిన్ మధ్యలో ఎర్ర గుడ్డ కట్టకుండా బండి కదిలించేవాడు కాదు.

ఓసారి హుస్నాబాద్ రోడ్డులో ఒక జీపు లాగాలి. గుడ్డ ఇంట్లో మరిచిపోయాం. నా ఒంటి మీద కొత్త ఎర్ర టీ షర్టు ఉంది.

"ఇప్పు రా" అన్నాడు.

జోక్ అనుకున్నా. విప్పేదాకా వదల్లేదు. నా కళ్ల ముందే చింపి చెయిన్‌కి కట్టాడు. సిద్దిపేట దాకా బనీను మీద వచ్చాను. పైగా దారిలో చాయ్ హోటల్ దగ్గర ఆపి, నన్ను కిందికి దింపి మరీ అందరికీ చూపించాడు.

నేను తిడుతుంటే నవ్వి అన్నాడు: "నడుమల చెయిన్ ఉన్నదని మనకెర్క. రోడ్డు మీదోళ్లకు ఎట్ల ఎర్కైతది రా? సూడక దూరితే పానం వోతది."

అలాంటి మనిషి దగ్గరికి పోయిన ఏడాది హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ వచ్చింది.

వైర్‌లెస్ టోయింగ్ అట. సరుకు మోసే రెండు ఎలక్ట్రిక్ వ్యాన్లు. ముందు దాంట్లోనే డ్రైవర్. వెనక దాంట్లో ఎవరూ ఉండరు. చెయిన్ లేదు, తాడు లేదు. సిగ్నల్ మీద ముందు బండి ఎటు పోతే వెనకది అటు వస్తుంది. డ్రైవర్లకు ట్రైనింగ్ ఇవ్వడానికి రోడ్లు తెలిసిన మనిషి కావాలన్నారు.

బావ మొదట అడిగింది ఒక్కటే. "గుడ్డ యాడ కట్టాలె?"

మేనేజర్ కిరణ్ నవ్వాడు. "సెన్సారే మీ ఎర్ర గుడ్డ కనకన్నా. మధ్యలోకి ఎవరొచ్చినా వెనక బండి ఆగిపోతది."

చంద్లాపూర్ దగ్గర ఖాళీ రోడ్డు మీద చూపించారు కూడా. వీడియో తీస్తూ బావనే మధ్యలోకి నడవమన్నారు. నడిచాడు. వ్యాన్ టక్కున ఆగింది. బావ దాని ముందు భాగాన్ని ఎద్దును తట్టినట్టు తట్టి, నావైపు చూసి మురిసిపోయాడు.

ఆ రోజు నుంచి బావ వాళ్లను నమ్మాడు. నేను గొణిగితే, "నీకు కొత్తదేదొచ్చినా కడుపునొప్పే" అనేవాడు.

ఆ కిరణ్ మా అక్క చేతి సర్వపిండి ఎన్నిసార్లు తిన్నాడో. తిని, "అక్కా, ఇంకోటి" అని అడిగి మరీ పెట్టించుకునేవాడు.

నిన్న మార్కెట్ దగ్గర ఆ రెండు వ్యాన్లు మలుపు తిరుగుతున్నాయి. ఒక ఆటో అడ్డం ఉంది. దాన్ని పక్కకు పంపడానికి బావ ముందు వ్యాన్ దిగి, రెండు వ్యాన్ల మధ్యలోంచి నడిచాడు. ముందు వ్యాన్ కదిలింది. వెనకది కూడా కదిలింది.

ఆగలేదు.

చెయిన్ ఉంటే ముందున్న డ్రైవర్‌కి ఏదో ఒక కుదుపు తెలిసేది. అతనికి ఏమీ తెలియలేదు. జనం అరిస్తేనే బ్రేక్ వేశాడు.

దవాఖాన వరండాలో ఆ డ్రైవర్ నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

"సెన్సార్ బందు వెట్టిన్రన్నా. కుక్కొచ్చినా, మేకొచ్చినా, బైకోడు దూరినా ఆగుతుందని. ట్రిప్పులన్నీ లేటైతున్నయని."

సెన్సార్‌ని ఎవరు ఆపారు అని అడిగాను. హైదరాబాద్‌లో కూర్చుని, కంప్యూటర్‌లోనే ఆపేశారట. ఇక్కడి బండిని ముట్టుకోనవసరం కూడా లేదట. ఆపినట్టు బండి మీద ఒక లైటు కూడా వెలగదట. రేపు ఇంకెవడి చేతికైనా ఆ కంప్యూటర్ పాస్‌వర్డ్ దొరికితే ఏమిటో, మీరే ఆలోచించండి.

"మరి బావకెందుకు చెప్పలె?"

తల దించుకున్నాడు. "చెప్తే ఒప్పుకోడని, చెప్పొద్దన్నడు కిరణ్ సారు."

చదివిన మీరు ఈ మాట ఇంకోసారి చదవండి. ఒప్పుకోడని తెలుసు. అందుకే చెప్పలేదు.

కిరణ్‌కి ఫోన్ చేశాను. "రూల్ ప్రకారం ఆయన మధ్యలోకి వెళ్లకూడదండీ" అన్నాడు. నిన్నటిదాకా నన్ను అన్నా అని పిలిచినవాడు, అండీ అన్నాడు. మధ్యలోకి నడిపించి తీసిన వీడియో మాత్రం వాళ్ల పేజీలో ఇంకా ఉంది. దాని కిందే ఈ పొద్దున బావ ఫోటో పెట్టి, మా ఫ్యామిలీ మెంబర్‌ని కోల్పోయాం అని రాశారు.

ఏ ఫ్యామిలీ? మా అక్క గడప తొక్కడానికి ఒక్కడూ రాలేదు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తా.

నిన్న సాయంత్రం పోలీసులు ఆ వెనక వ్యాన్‌ని స్టేషన్‌కి తరలించాలన్నారు. సిగ్నల్ మీద కాదు కదా, దాన్ని స్టార్ట్ చేయడానికే ఎవరికీ ధైర్యం లేదు. చివరికి మా రికవరీ వ్యాన్‌నే అడిగారు. వేరే ఎవరినీ ముట్టనివ్వలేదు, నేనే తీసుకెళ్లాను.

బావ చెయిన్ తీశాను. డ్యాష్‌బోర్డులో గుడ్డ ఉంది. నా టీ షర్టు ముక్కే. వెలిసిపోయింది, అయినా ఎర్రగానే ఉంది.

మధ్యలో కట్టాను. వెనక వ్యాన్ స్టీరింగ్ దగ్గర కానిస్టేబుల్ కూర్చున్నాడు. బజారంతా మెల్లగా దాటాం. బైకులు వచ్చాయి, ఆటోలు వచ్చాయి. ఆ గుడ్డ చూసి అందరూ పక్క నుంచే పోయారు.

ఒక్కరు కూడా మధ్యలోకి రాలేదు.

ఇవాళ పొద్దున బావను సాగనంపి వచ్చాం.

బావా, గుడ్డ కట్టే తెచ్చిన. ఎవ్వలకేం కాలె. ఇగ నువ్వు నిమ్మళంగ పండుకో.