మేకులు కొట్టిన గోడ

డెబ్బైలలో గోదావరిఖనిలోని మా బొగ్గుగని ఆఫీసుకు చేత్తో పట్టుకుని మాట్లాడే వైర్‌లెస్ సెట్లు వచ్చాయి. ఢిల్లీకి కాగితాల మీద కాగితాలు పంపి వాటికి లైసెన్సు తెప్పించిన గుమస్తాను నేనే. ప్రతి సెట్టు నంబరూ నాకు నోటికి వచ్చు.

సెట్లు ఇచ్చి పుచ్చుకునే పనిని, గని దీపాల గదిలో ఏళ్ల తరబడి చేసిన, మేమంతా కాక అని పిలిచే పెద్దాయనకు అప్పగించారు. వచ్చిన రోజే ఆయన నా వెనక గోడకు వరసగా మేకులు కొట్టి, ఒక్కో దాని కింద ఒక్కో సెట్టు నంబరు రాశాడు. కొత్తగా సున్నం వేసిన గోడ. నాకు ఒళ్లు మండింది.

"ఏంది కాకా ఇది?"

"దీపం తీస్కపోయేటోడు తన నంబరున్న బిల్ల ఇచ్చి పోతడు. ఇది గూడ గంతే బిడ్డా."

కొన్నాళ్లకు లైసెన్సు తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. ఏ సెట్టు ఎవరి దగ్గరుందో చూపించమన్నాడు. నేను రిజిస్టరు పెట్టలేదు. కాక గోడ చూపించాడు. బయటికి వెళ్లిన ప్రతి సెట్టు మేకుకూ, తీసుకెళ్లినవాడి ఇత్తడి బిల్ల వేలాడుతోంది. అధికారి లైసెన్సు పట్టుకుని ఒక్కొక్కటీ సరిచూశాడు. ఒక్కటీ తప్పలేదు.

అధికారి జీపు కదిలాక కాకను సుత్తి అడిగాను. ఆ వరస మధ్యలో ఇంకో మేకు నేనే కొట్టి, లైసెన్సును దానికి తగిలించాను.