ఫ్యాను ఆపి చేసుకున్న పండుగ

అరవైల చివర్లో, నేను యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతున్నప్పుడు, తార్నాకలో ఒక దొరసానికి తెలుగు నేర్పేదాన్ని. ఆమె భర్త ఏదో చలిదేశం నుంచి మా క్యాంపస్‌లో ఏడాదిపాటు పాఠాలు చెప్పడానికి వచ్చాడు. ఆయనకు పొద్దంతా క్లాసులు, ల్యాబు. ఆమెకు పెద్ద ఇల్లు, ఒక వంటామె, గడవని పొద్దు. తెలుగు నేర్పే మనిషి కావాలని వాళ్లు అడిగితే మా ప్రొఫెసర్ నన్ను పంపారు. మాకు దొరికిన వాచకం నా వయసుకంటే పాతది. అందుకని ఆమె కూరగాయలవాడితో "నాకు వంకాయలు కావలెను" అనేది. అతను ఏమీ అర్థంకాక నా మొహం చూసేవాడు.

డిసెంబరు రాగానే పాఠం ఆగిపోయింది. "ఈ నెల తెలుగు వద్దు. నాకు క్రిస్మస్ చెట్టు వెతికిపెట్టండి," అంది ఇంగ్లీషులో.

మాదీ క్రైస్తవ కుటుంబమే. నాన్న మెదక్ వైపు పల్లె నుంచి రైల్వే పనికి వచ్చి సీతాఫల్‌మండిలో ఉండిపోయాడు. డిసెంబరంటే మా ఇంట్లో గోడలకు సున్నం వేయాలి, రంగుకాగితాల నక్షత్రం కట్టాలి, అమ్మ గరిజెలు చేస్తుంటే పక్కన కూర్చుని అంచులు నొక్కాలి. అన్నిటికంటే నాకు ఇష్టమైంది, పండుగ ముందురోజు సాయంత్రం డోలక్ కొడుతూ ఇల్లిల్లూ తిరిగే పాటల గుంపు. ఆ ఏడు మొదటి పాట నేను ఎత్తుకోవాలని అందరూ ఒప్పుకున్నారు. నెలరోజులుగా గొంతు జాగ్రత్త చేసుకుంటూ, చల్లనివి తాగకుండా ఉన్నాను.

చెట్టుకోసం క్యాంపస్ అంతా తిరిగాం. ఆమె కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తే తోటమాలి తల అడ్డంగా ఊపాడు.

"గిసువంటి చెట్టు గీడ యాడ దొరుకుతదమ్మా? సరుగుడు కొమ్మ కొట్టిస్త, తీస్కపోండ్రి."

ఆ కొమ్మను రిక్షాలో అడ్డంగా పెట్టుకుని తార్నాక దాకా వచ్చాం. దారిలో అది నా చెంపలు గీరుతూనే ఉంది. రెండురోజులకే ఎండి ఆకు రాలడం మొదలైంది. బోసి కొమ్మలు కనపడకుండా ఆమె దూది తెప్పించి, మంచులా అతికించమంది. ఆ దూది అతికించడం కూడా నా పనే అయింది.

తరువాత కేకు. ఇంట్లో ఓవెన్ లేదు. పిండి కలిపి డబ్బాలో పోసుకుని మా స్టేషన్ దగ్గర బేకరీకి తీసుకెళ్లాం. అక్కడ మా వాడకట్టు ఆడవాళ్లందరూ తమ డబ్బాలు పట్టుకుని వరసలో ఉన్నారు. సన్నని మంట మీద నిదానంగా కాలాలని దొరసాని పట్టుబట్టింది. బేకరీ ఆయన నావైపు తిరిగి, "ఏ బేటీ, భట్టి ఒక్క ఆమెకోసం సల్లార్పమంటవా? గింతమంది నిలబడ్డరు, చూస్తలెవ్వా?" అన్నాడు. ఆయన మాటను నేను మెత్తగా మార్చి చెప్పాను. కేకు పైన బొగ్గై, లోపల పచ్చిగా వచ్చింది. ఆమె ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని రిక్షాలో ఏడ్చింది. మా వాడకట్టువాళ్లంతా నేనేదో అన్నానన్నట్టు నన్నే చూశారు.

పండుగ ముందురోజు మధ్యాహ్నం ఆమె ఇంట్లో విందు. తార్నాకలోనూ క్యాంపస్‌లోనూ ఉండే తెల్లవాళ్లు నలుగురైదుగురు వస్తారనీ, నేనూ ఉండి తీరాలనీ అంది. చీకటి పడేలోగా వచ్చేస్తానని అమ్మకు చెప్పి వెళ్లాను. కానీ కోడి ఉడకలేదని, ఎవరో రాలేదని, భోజనం సాయంత్రానికి జరిగింది. ఎండ కనపడితే పండుగలా ఉండదని ఆమె కిటికీలన్నీ మూయించి, తెరల మీద దుప్పట్లు కూడా వేయించింది. గదినిండా కొవ్వొత్తులు. అవి ఆరిపోతాయని ఫ్యాను వేయనివ్వలేదు. వంటింట్లో రెండు కిరసనాయిలు స్టవ్‌ల సెగ, ఇక్కడ కొవ్వొత్తుల సెగ. కోట్లు తొడుక్కుని వచ్చిన మగవాళ్లు చెమటలు కక్కుతూ నవ్వుముఖాలతో కూర్చున్నారు. కొవ్వొత్తులు కూడా మెత్తబడి వంగిపోతున్నాయి. నాకేమో చెవిలో డోలకే వినిపిస్తోంది.

దొరసాని నా భుజం మీద చెయ్యివేసి అందరితో అంది: "ఈ అమ్మాయి నాకు చాలా సాయం చేసింది. అసలైన క్రిస్మస్ ఎలా ఉంటుందో మొదటిసారి చూస్తోంది."

నా ఒళ్లు మండిపోయింది. "మా తాత కాలం నుంచీ మేము క్రిస్మస్ చేసుకుంటున్నాం మేడం," అన్నాను.

"అవునవును. కానీ అది వేరు కదా," అంది తేలిగ్గా. నా చేతికి పళ్లెం ఇచ్చింది.

పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. ఇంతలో ఆమె భర్త ఉక్క భరించలేక లేచి ఫ్యాను స్విచ్ వేశాడు. కొవ్వొత్తులన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. చెట్టుమీది దూదంతా లేచి గదిలో తిరిగి, కోడికూర మీద, గ్లాసుల్లో, ఒకాయన బట్టతల మీద పడింది. అందరూ విరగబడి నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు, వంటింట్లోకి వెళ్లిపోయింది.

వెనకే వెళ్లాను. గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నన్ను చూసి, ఇంగ్లీషు వదిలిపెట్టి, నేను నేర్పిన ఆ పాతకాలపు తెలుగులో, "నాకు మా అమ్మ కావలెను," అంది.

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటతీరుకు నవ్వొచ్చేది. అప్పుడు రాలేదు. కోపం చూపించుకోవడానికి కూడా నాకు వీలు లేకుండా చేసిందే అనిపించింది. మంచినీళ్లు ఇచ్చి, రేపు పొద్దున మా చర్చికి రమ్మన్నాను.

ఇంటికి చేరేసరికి పాటల గుంపు వెళ్లిపోయింది. మొదటి పాట ఎవరో ఎత్తుకున్నారు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవనైనా లేవలేదు. "వచ్చినవా? పండుగ గాడనే చేస్కోకపోయినవ్, మల్ల గీడికెందుకు వచ్చినవ్?" అంది. పక్కన కూర్చుని మిగిలిన గరిజెల అంచులు నొక్కాను.

తెల్లవారుజామున చర్చికి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. మావాళ్లంతా శాలువలు, మఫ్లర్లు చుట్టుకుని వణుకుతుంటే ఆమె చేతుల్లేని గౌనులో వచ్చింది. "చలి పెడ్తలేదా ఆమెకు?" అని అమ్మ గుసగుసలాడింది. దొరసాని చుట్టూ చూసి, నా చెవిలో, "దీన్ని మీరు చలి అంటారా?" అని కిసుక్కున నవ్వింది. అన్ని రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు. అదీ మా మీదే.

మార్చిలో, ఎండలు ముదరకముందే వాళ్లు వెళ్లిపోయారు. సామాన్లు సర్దుతుండగా చూడడానికి వెళ్తే నన్ను కావలించుకుని, "ఈసారి మంచులో చేసుకుంటాను," అంది.

"చేసుకోండి మేడం," అన్నాను.

గట్టిగానే అన్నాననుకుంటాను. బస్‌స్టాపు దాకా నడిచి వచ్చినా నా కోపం తగ్గలేదు.