కట్టని గోడ చుట్టూ

మా తాత అసిరయ్య మేస్త్రికి డెబ్బై నాలుగేళ్లు. మా ఊళ్లో సగం ఇళ్లు ఆయన కట్టినవి, మిగతా సగం ఆయన వంకలు పెట్టినవి. ఎవరైనా భోజనానికి పిలిస్తే విస్తరి ముందు కూర్చోకుండా గోడ మీద అరచెయ్యి ఆనించి, ఒక కన్ను మూసి, "గోడ ఉబ్బి పొట్ట పెట్టింది" అనేవాడు. పిలవడం తగ్గించేశారు.

అంత నోరున్న మనిషి కాగితం ముందు మాత్రం పిల్లి. ఇంజనీరు గీసిన పటం పరిస్తే చెప్పులు విడిచి చూసేవాడు. తప్పు కనబడినా నోరెత్తేవాడు కాదు. "సదూకున్నోలు గీసినారు" అని ఊరుకునేవాడు. నేను పదో తరగతి లెక్కల్లో పోయినదాన్ని. నాకంటే ఆయనకే చదువంటే ఎక్కువ భయం.

మా పెద్దనాన్న కూతురు, నాకంటే పెద్దది, లక్ష్మీప్రియ అప్ప విశాఖపట్నంలో ఆర్కిటెక్చర్ ఆఖరి ఏడాది. వాళ్లకి అడ్వాన్స్‌డ్ డిజైన్ స్టూడియో అని ఒకటుంది. అందులో పరీక్ష రాయడం ఉండదు. నెలల తరబడి ఒకే కట్టడాన్ని గీసి, అట్టతో నమూనా చేసి, జ్యూరీ అనే పెద్దల ముందు నిలబడి జవాబులు చెప్పాలి. అప్ప మా ఊరికి తుఫాను షెల్టరు గీసింది. పోయినసారి ఒక సారు ఆ షీట్లన్నీ చూసి, "బొమ్మ బాగుందమ్మా. ఇందులోకి మనుషులు ఎలా వస్తారు?" అని అడిగాడట. ఫెయిల్. ఈసారీ పోతే ఏడాది పోయినట్టే.

అందుకే షీట్లు చుట్టుకుని ఊరొచ్చింది.

"తాతా, దీన్ని అసలు కొలతలతో నేల మీద ముగ్గు పొయ్యి. నాలుగు రోజులు లోపల నడిచి చూస్తాను."

"కట్టని కట్టడానికి ముగ్గు పొయ్యకూడదే గుంటా."

"పోస్తే ఏటవుతాది?" అన్నాను నేను.

"ఎవులో ఒకలు దిగీసి కాపరం ఎట్టెత్తారు."

"మంచిదే కదా, ఊళ్లో ఖాళీ కొంపలకి కూడా నువ్వే పోసీ తాతా."

తాత నవ్వలేదు. అప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూసి దారం, మేకులు, మూలమట్టం బయటికి తీశాడు.

తిత్లీ తుఫానుకి మా జీడితోటలో సముద్రం వైపు చెట్లన్నీ కూలిపోయాయి. అక్కడ మళ్లీ ఏదీ నాటలేదు, ఉత్త ఇసుక. మధ్యాహ్నానికల్లా ఆ ఇసుకలో తెల్లగా ఒక షెల్టరు పరుచుకుంది. పెద్ద హాలు, వంటగది, మరుగుదొడ్లు, ముసలివాళ్లకి వాలుదారి. తూర్పు గీత దగ్గర తాత పిడికెడు ముగ్గుపిండి పట్టుకుని ఆగిపోయాడు.

"తలుపు ఇటేనేటి?"

"అవును తాతా, సముద్రం కనపడాలని."

"పటంలో అలాగే ఉందా?"

"ఉంది."

"ఉంటే సరే" అని తలుపంత ఖాళీ వదిలి మిగతా గీత పూర్తిచేశాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. చుట్ట కాల్చి కడుపు నింపుకున్నాడని ఎగతాళి చేశాను.

మర్నాడు పొద్దున్నే అప్ప కేక పెట్టింది.

ముగ్గు చుట్టూ అడుగులు. వట్టి కాళ్ల అడుగులు, పెద్దవీ చిన్నవీ. ఊరి వైపు నుంచి వచ్చాయి. పడమటి గీత దగ్గర గుంపుగా ఆగాయి. అక్కడి నుంచి గోడను తడుముకుంటున్నట్టు గీతనే అంటిపెట్టుకుని మూల దాకా పోయాయి. సముద్రం వైపు మూల తిరగబోయి, తిరగలేక, వెనక్కి వచ్చాయి. మళ్లీ రెండో వైపు నుంచి పోయాయి, మళ్లీ వెనక్కి. ఇసుక దిమ్మిస కొట్టినట్టు అణిగిపోయింది. లోపల ఒక్క అడుగు లేదు. ఒక్క కాలూ ముగ్గు తొక్కలేదు.

"తాతా, నీ పనేనా? నిజం సెప్పు. అప్పని భయపెట్టి ముగ్గు చెరిపించాలని కదూ?"

ఆయన కాలు పట్టుకుని ఒక అడుగులో పెట్టబోయాను. అడుగు చిన్నది. పక్కన ఇంకో జత ఉంది. కుడికాలు తిన్నగానే ఉంది కానీ, ఎడమకాలు ఉండాల్సిన చోట ఇసుకలో పొడుగ్గా ఈడ్చిన చార. మా నాయనమ్మ పైడమ్మ నడక అది. తిత్లీలో ఊళ్లో ఇంకొందరితో పాటు పోయింది.

తాత కొబ్బరి చీపురు తెచ్చి అంతా ఊడ్చేశాడు. ఆ మర్నాడు అవే అడుగులు. గోడ పొడుగునా అదే ఈడ్చిన చార, ఈసారి ఇంకా లోతుగా.

అప్ప షీట్లు చుట్టేసింది. "నేను వెళ్లిపోతాను తాతా. పోతే పోనీ ఏడాది."

"కూకో" అన్నాడు తాత. తానూ ఇసుకలోనే చతికిలబడ్డాడు. మా ఇద్దరికీ తెలిసింది ఒకటే. నాయనమ్మ దూడను విప్పడానికి ఆగిపోయి అప్పటి ఊరి షెల్టరుకి చేరలేకపోయిందని. తాత చెప్పింది వేరు.

"సేరింది. ఆ షెల్టరు కట్టింది నానే. తలుపు సముద్రం ఏపు గీసినారు. గాలొచ్చేది అట్నుంచే కదా అని నోటి దాకా వొచ్చింది. పటంలో ఉంటే కాదనడానికి నానెవుల్నని ఊరుకున్నాను. ఆ రోజు గాలికి తలుపు ఊడొచ్చీలా ఉంటే లోపల బెంచీలు ఆన్చీసి పట్టుకున్నాం. నానూ పట్టుకున్నాను. ఎనకాల గోడ మీద దబదబమని సప్పుడు. ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి. కొబ్బరి మట్ట కొట్టుకుంతందనుకున్నాను."

అప్ప చుట్టిన షీట్లు మళ్లీ విప్పింది. నాకు ఏదో ఒక ఎగతాళి మాట అనాలనిపించింది. ఆయన ఒంటికి అంటిన ఇసుక దులిపాను.

"మొన్న నువ్వు తలుపు అటే అన్నప్పుడు కూడా ఊరుకున్నాను సూడు" అన్నాడు తాత. "నీ పటం తప్పే అమ్మా. లోపలున్నోడికి తలుపు ఎక్కడుందో ఎరికే. బయటున్నోడికి తెలవాలి."

పటం తప్పని మా తాత అనగా నేను వినడం అదే మొదలు. అప్ప పెన్సిల్ తీసింది. ఇద్దరూ పొద్దుగూకే దాకా కొట్లాడుకున్నారు. అప్ప ఒక గీత గీస్తే తాత కొట్టించేవాడు, తాత ఒకటంటే అప్ప "బిల్డింగ్ కోడ్ ఒప్పుకోదు తాతా" అనేది. చివరికి తలుపులు రెండయ్యాయి, ఒకటి ఊరి వైపు, ఒకటి దక్షిణాన. ఒక్కోదానికి ముందు గాలిని ఆపే అడ్డగోడ. బయట గోడల పొడుగునా నడుం ఎత్తులో చేతికి దొరికే ఇనప గొట్టం. ఏ మూల పట్టుకున్నా అది తలుపు దగ్గరికే తీసుకుపోతుంది. పాత గీతలు చెరిపి తాత కొత్త ముగ్గు పోశాడు.

పొద్దున్న ముగ్గురం కలిసి వెళ్లాం. అడుగులు ఊరి వైపు నుంచి వచ్చాయి. గీత పక్కనే కొంచెం దూరం నడిచి, తలుపు దగ్గర తిరిగి, లోపలికి వెళ్లాయి. ఈడ్చిన చార కూడా. హాలు మధ్యలో ఇసుక నలిగి ఉంది, జనం కూర్చుని లేచినట్టు. బయటికి వచ్చిన అడుగులు లేవు.

అప్ప వెళ్లేటప్పుడు తాత బస్సు దాకా వచ్చి ఒకటే కోరాడు. "పాత షెల్టరు కట్టింది ఎవులని అడిగితే నా పేరు సెప్పు."

జ్యూరీ రోజు నేను జీడిపిక్కల పనికి పోకుండా ఫోను పట్టుకుని కూర్చున్నాను. సాయంత్రం అప్ప ఫోను చేసింది. ఆ సారు కళ్లు మూసుకుని అట్టనమూనా గోడ మీద వేలు పెట్టి, ఆ గొట్టం వెంటే పోయి తలుపులో ఆపాడట. పాస్.

"నా పేరు సెప్పినావా?" తాత ఫోను లాక్కున్నాడు.

"చెప్పాను తాతా. అంతా చెప్పాను."

"ఏటన్నారు?"

"ఎవరూ ఏమీ అనలేదు తాతా."

తాత ఫోను నాకిచ్చేశాడు. ఆ పూట అడిగి మరీ రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

తర్వాత వానలకి ముగ్గు కరిగిపోయింది. ఇప్పుడక్కడ గీత కూడా లేదు. అయినా మా మేకలు ఆ ఇసుకకి అడ్డంగా పోవు. చుట్టూ తిరిగి, ఊరి వైపు ఒక చోట మాత్రం లోపలికి వెళ్తాయి. మేకలకి బుర్ర లేదని నేను తాతతో అంటూ ఉంటాను. చేపలకి సముద్రం ఒడ్డుకి పోయేటప్పుడు నేనూ చుట్టే తిరుగుతాను.